చిల్లుల గరిటె చూపిన గ్రహణం

నేను ఒక ఇత్తడి బూందీ గరిటెను. ఒళ్లంతా చిల్లులే అయినా నా వంశం చిన్నది కాదు. నాలోని రాగి ఎప్పుడో సూర్యుడు పుట్టకముందు ముసలి నక్షత్రాలు పేలి విరజిమ్మిన ధూళి. ఆ ధూళిలోంచే సూర్యుడూ, గ్రహాలూ, ఈ భూమీ తయారయ్యాయి. భూమి కడుపులో ఎంతకాలం నిద్రపోయానో తెలియదు. కళ్లు తెరిచేసరికి ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో కంచరి సుత్తి కింద ఉన్నాను.

అక్కణ్ణుంచి తణుకులో ఒక మిఠాయికొట్టువాళ్ల ఇంటికి చేరి, అత్త చేతిలోంచి కోడలు మాణిక్యమ్మగారి చేతికి వచ్చాను. నా చిల్లుల్లోంచి శనగపిండి చుక్కలు నూనెలో రాలి గుండ్రంగా తేలుతుంటే, ఆకాశంలో గోళాలు కూడా ఇలాగే పుట్టాయేమోనని కలలు కనేదాన్ని. మనుషులు ఆ గోళాలన్నీ కలిపి లడ్డూ చుట్టి మింగేసేవారు. ఇప్పుడు కొట్టుకు బూందీ మిషను వచ్చింది. నేను ఒక బడిలో, సైన్సు గది గోడకు వేలాడుతున్నాను. ఎందుకో చెబుతాను.

ఒక ఏడు దీపావళి మర్నాడు సాయంత్రం సూర్యగ్రహణం. మాణిక్యమ్మగారు పొయ్యి ఆర్పి, ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, కోడలు హిమజను పడమటి గదిలో కూర్చోబెట్టి కిటికీ మూసేశారు. హిమజకు ఆరో నెల. కడుపుతో ఉన్నామె గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని ఆవిడ భయం.

హిమజ సైన్సు టీచరు, నేనిప్పుడు వేలాడుతున్నది ఆమె బడిలోనే. అరచేతిని అడ్డుపెట్టి సూర్యుణ్ణి ఆపలేమంటారు కదా, చందమామ ఆ పనే చేస్తాడని పిల్లలకు చెప్పేది. సూర్యుడు చాలా పెద్దవాడే గానీ చాలా దూరం. చందమామ చిన్నవాడైనా దగ్గర. అందుకే మన కంటికి ఇద్దరూ ఒకే సైజు. ఇంత చెప్పే ఆ పిల్ల ఒక్క గ్రహణమూ చూడలేదు. చిన్నప్పుడు పుట్టింట్లోనూ తలుపులు మూసేవారు. అది తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ బెంగగానే అనిపించింది.

"అత్తయ్యగారూ, ఆకాశం వంక చూడను. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటాను. మీరే ఆ గరిటె ఎండలో పట్టుకోండి. గోడ మీద చూసుకుంటాను," అంది.

మాణిక్యమ్మగారు చాలాసేపు వద్దన్నారు. చివరికి కిటికీ ఒక్క రెక్క తీసి, నన్ను గోడకు బాగా ఎడంగా పట్టుకున్నారు.

ఎనిమిది నిమిషాలు ప్రయాణం చేసొచ్చిన వెలుగు నాలోంచి దూరింది. ఎన్ని చిల్లులో అన్ని సూర్యుళ్లు గోడ మీద వాలాయి. అన్నిటినీ ఒకే వైపు ఎవరో కొరికినట్టుంది. ఆ కొరుకుడు చందమామదని హిమజ వేలు పెట్టి చూపించబోతే, ఆ కొరికిన సూర్యుళ్లు కొన్ని ఆమె గాజుల మీదికి ఎక్కాయి. మాణిక్యమ్మగారు అదిరిపడి నన్ను లాగేసుకుంటారనుకున్నాను. లాగలేదు. అలాగే చూస్తూ ఉండిపోయారు.

"తొలికాన్పప్పుడు నన్నూ ఇదే గదిలో పెట్టారమ్మాయ్," అన్నారు. "గ్రహణం విడిచేదాకా కళ్లు కూడా తెరవలేదు. అయినా బిడ్డ మొర్రితోనే పుట్టాడు. పాలు తాగలేక పసిప్రాణం పోయింది. నేనే ఏదో చూసుంటానన్నారు అందరూ."

హిమజ లేచి ఆవిడ చేయి పట్టుకుంది.

"నేనేం చూడలేదమ్మా. ఇదిగో, ఇవాళే చూడ్డం," అంటూ మాణిక్యమ్మగారు కిటికీ రెండో రెక్క కూడా తీశారు.