పక్కింటి పిల్లి మీద ఫిర్యాదు

"వెళ్లి గట్టిగా చెప్పిరా," అన్నాడు మా ఆయన, తెల్లచొక్కా ఎత్తి పట్టుకుని. వీపు మీద మట్టి అడుగులు, తీరిగ్గా షికారు చేసి వెళ్లినట్టున్నాయి. ఇస్త్రీ చేసింది నేను, తొడుక్కునేది ఆయన, తొక్కింది పక్కింటి పిల్లి. గొడవ పడాల్సింది మాత్రం మళ్లీ నేనే. మీరే చెప్పొచ్చుగా అంటే, "ఆడవాళ్ల వ్యవహారంలో నేనెందుకు? అయినా నీకైతే మాటలొచ్చు," అన్నాడు.

నాకు మాటలొచ్చన్న సంగతి ఈ ఇంట్లో ఎవరినైనా కసరాల్సి వచ్చినప్పుడే గుర్తొస్తుంది. పైపు సరిగ్గా బిగించని ప్లంబరుకి, పిల్లాణ్ణి వెనక బెంచీకి పంపిన టీచరుకి, అలిగి ఫోను ఎత్తని ఆడపడుచుకి, అందరికీ ఈ ఇంటి తరఫున నేనే నోరు. పొద్దుటిపూట నేను పనిచేసే పంటి డాక్టరుగారి క్లినిక్కులోనూ అదే తంతు. ఆయన ఆలస్యంగా వస్తాడు, "మీరైతే నవ్వుతూ చెప్తారమ్మా" అంటాడు. దవడ పట్టుకుని కూర్చున్నవాళ్ల తిట్లన్నీ నవ్వుతూ నేను తింటాను. ఇంటికొచ్చాక వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి మేడమీదికి. ఎప్పుడైనా కాసేపు నడుం వాల్చానా, అత్తయ్య గోడకి చెప్పినట్టు, "దొరసానిగారు పడుకున్నారు, చప్పుడు చెయ్యకండి," అంటారు.

పిల్లిని నేను అంతకుముందే ఎరుగుదును. బూడిదరంగు, కొస చిరిగిన చెవి. గోడ దిగి వచ్చి, గుమ్మం దగ్గర కాళ్లపట్టా వాసన చూసి, అది తన స్థాయికి తగదన్నట్టు వదిలేసి, సరాసరి మా ఆయన కుర్చీ ఎక్కేది. ఆ కుర్చీలో ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోరు. ఎవరూ వద్దనలేదు, కూర్చోరంతే. ఒకసారి నేను చీపురు ఎత్తితే ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది. ఎంత ధీమా! నిజం చెప్పొద్దూ, నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు అని మా అమ్మ నన్ను అంటూండేది. ఈ పిల్లి ఒక్కనాడూ అలా తిరగలేదు. ఆ తిరుగుడంతా నాదే.

పక్కింట్లో రిటైరైన డ్రిల్లు టీచరమ్మ ఒక్కతే ఉంటుంది. గేటు దగ్గరే నిలబడి, చొక్కా సంగతి, కుర్చీ సంగతి, తవ్విపోసిన పూలకుండీల సంగతి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"అయితే లోపలికొచ్చి కూర్చో." కూర్చున్నాక అంది, "ఒక్క విజిలేస్తే బడి బడంతా వరస కట్టేదమ్మా. దీని ముందు ఊది ఊది నా బుగ్గలు నొప్పెట్టాయి గానీ ఇది తోకైనా కదపలేదు. అప్పుడే అనుకున్నా, పెంచుకుంటే దీన్నే పెంచుకోవాలని!" పకపకా నవ్వి, ఆపిలు పండు తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది. అలవాటుగా లేచి, కత్తి ఇలా ఇవ్వండి అన్నాను. "కూర్చోమన్నానా!" అని గదిమింది. ముక్కలు కోసి, గింజలు తీసి, పళ్లెం నా చేతిలో పెట్టింది. పెళ్లయ్యాక నాకెవరూ పండు కోసి ఇవ్వలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చేసింది. ఆవిడ చూసింది. ఇంకో పండు తీసి చెక్కసాగింది.

"చెప్పావా?" అన్నాడు మా ఆయన.

"చెప్పాను."

పిల్లి మర్నాడూ వచ్చింది. ఎందుకు రాదు మహాతల్లి! "మొండిఘటంలా ఉందే ఆ టీచరు. ఒక్కసారికి లొంగదు, మళ్లీ వెళ్లి చెప్పు," అన్నారు అత్తయ్య. వెళ్లాను. అలా సాయంత్రాలు ఇంట్లోవాళ్లే నన్ను తరిమి తరిమి పంపేవాళ్లు. అక్కడ నేను చేసేదేమీ లేదు. కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఆవిడా మాట్లాడేది కాదు, నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఆ గదిలో నాకు మాటలు రావాల్సిన అవసరం లేదు. ఆ కాసేపు తలుచుకుంటే క్లినిక్కులో తిట్లు కూడా తేలిగ్గా అరిగేవి.

ఇంతలో మా ఆయన మనిషిని పిలిపించి గోడ పొడుగునా నైలాను వల కట్టించాడు. "ఇక నీకు ఆ తిప్పలు లేవులే," అన్నాడు, ఎంతో మేలు చేసినవాడిలా. పిల్లి వచ్చింది. వల ముందు కూర్చుని అటూ ఇటూ చూసింది. అరవలేదు, బతిమాలలేదు, గోళ్లతో గీరనూ లేదు. వెనక్కి తిరిగి, గోడ మీద నడిచి, వెనకింటి షెడ్డు మీదికి దూకి ఎండలో ఒళ్లు విరుచుకుంది. శభాషే అనుకున్నాను కిటికీ దగ్గర నిలబడి. దారి మూసుకుపోయింది దానికి కాదు, నాకు.

తర్వాత సాయంత్రాలు ఇంట్లో కాలు నిలవలేదు. తుడిచిన వంటగట్టే మళ్లీ తుడిచాను. ఎవరైనా పొమ్మంటారేమోనని చూశాను. ఎవరంటారు, వాళ్లకి చెప్పాల్సిందేమీ మిగల్లేదుగా!

ఆదివారం సాయంత్రం టీకి నీళ్లు పెట్టి, పొయ్యి మీద కుతకుతలాడుతుంటే చూస్తూ నిలబడ్డాను. చెయ్యి తనంతట తానే వెళ్లి స్టవ్ ఆపేసింది. చేతులు కడుక్కుని, జుట్టు సవరించుకుని, చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికే? టీ ఏదీ?" అన్నారు అత్తయ్య.

"పక్కింటికి. టీపొడి పొయ్యి పక్కనే ఉందత్తయ్యా."

మా ఆయన కుర్చీలోంచి తలెత్తాడు. "పిల్లి రావడం లేదుగా. ఇంకా ఏం చెప్పడానికి?"

"చెప్పడానికి కాదండీ," అన్నాను గుమ్మం దిగుతూ, "కూర్చోడానికి."