నిప్పు బిళ్ల డాన్సు

"గా రబ్బరు పిల్ల గురించేనా కోడలా నువ్వు రాసేది? అయితె నన్నడుగు. నాకన్న ఎక్కువ ఎవనికెర్క?" అన్నాడు మా మామ లింగమూర్తి, నా పుస్తకాల్లోని పాత పోస్టరు చూసి.

చింతపండులో గింజలు తీస్తున్న నా చేతులు ఆగాయి. నేను పీహెచ్‌డీ చేస్తున్నానని మూడేళ్లుగా ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరు తప్ప దేని మీద అని అడిగినవాళ్లు లేరు. మా ఆయన ప్రేమ్‌సాగర్ మొదటి రోజే తేల్చేశాడు. "కాకతీయుల మీదనో, నిజాం మీదనో చేస్తవనుకున్న. గీ తైతక్కల మీదనా? ఆఫీసుల ఎవలన్న అడిగితే నేనేం చెప్పాలె?" అప్పటి నుంచి ఎవరడిగినా 'హిస్టరీ' అని మాట తప్పిస్తాడు.

ఆయన తప్పించే హిస్టరీ ఇది. నలభై, యాభై ఏళ్ల కింద పగారు రోజున, అంటే జీతాలు పడే రోజున, బొగ్గుగనుల కాలనీలకు డేరా కంపెనీలు వచ్చేవి. వాటిలో వింత వింత డాన్సులు చేసే ఆడవాళ్లుండేవారు. నాలుగు గాజు గ్లాసుల మీద నిలబడి, తల మీద మండుతున్న కుండతో ఆడినవాళ్లు. కుడిపక్క మీసం, ధోవతి, ఎడమపక్క చీర, పూలు పెట్టుకుని, ఒక్క ఒంటితోనే మొగుడూ పెళ్లాల కొట్లాట ఆడి చూపినవాళ్లు. రబ్బరులా నడుము వెనక్కి వంచి, నేల మీది రూపాయి బిళ్లను పెదవులతో తీసినవాళ్లు. వీళ్ల గురించి ఏ పుస్తకంలోనూ ఒక్క వాక్యం లేదు. కాలేజీలో కాంట్రాక్టు పాఠాలు, ఇంట్లో నలుగురి వంట, బట్టలు, అంట్లు అయ్యాక మిగిలిన ఆదివారాల్లో తిరిగి, చిరిగిన పోస్టర్లు, ముసలివాళ్ల మాటలు పోగు చేసుకున్నాను.

కాబట్టి ఆ రోజు నాకు సంతోషమే అయింది. ఫోన్ రికార్డింగులో పెట్టాను. మామ లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"రాయి. లింగమూర్తి, రిటైర్డ్ మైనింగ్ సర్దార్. పందొమ్మిదొందల ఎనభై మూడుల అనుకుంట. ఎప్పటికి బిళ్ల తీసుడే, బిళ్ల తీసుడే. మాకు ఇసుగొచ్చింది. నేనేం జేసిన్నంటె, డేరా ఎనుక చాయ్ పొయ్యి మీద బిళ్లను మంచిగ కాల్చి స్టేజి మీదికి ఇసిరిన. పిల్లకు ఎర్క లేక మూతి పెట్టింది. ఇగ సూడు, ఎగిరిందమ్మా ఎగురుడు! గసొంటి డాన్సు మళ్ల జన్మల సూడలే."

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తర్వాత, "జర అల్లమేసి చాయ్ పెట్టు బిడ్డా," అన్నాడు. పెట్టాను. అదంతా విన్నాక కూడా నా చేతులు అల్లం దంచుతున్నాయి. ఆ చేతులను చూస్తే నాకే రోత పుట్టింది.

అంతకన్నా పెద్ద రోత నా మూడో అధ్యాయంలో ఉంది. 'నిప్పు బిళ్ల డాన్సు, రబ్బరు పిల్ల కొత్త ఐటెం' అని ఒక పోస్టరు దొరికితే, దాని మీద రెండు పేజీలు రాశాను. కళాకారిణి సాహసమట, ప్రేక్షకుల అభిరుచిని పట్టుకున్న సృజన అట. మా గైడు ఆ పేజీలను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు కూడా.

ఆదివారం మెట్‌పల్లి వెళ్లాను. రబ్బరు పిల్ల అసలు పేరు బాలలక్ష్మి. అరవై దాటాయి, బీడీలు చుట్టుకుని బతుకుతోంది. అంతకుముందు రెండుసార్లు కలిశాను. కింది పెదవి మీద తెల్లటి మచ్చ చూసి బొల్లి అనుకుని, అడిగితే నొచ్చుకుంటుందేమోనని మర్యాదగా ఊరుకున్నాను. ఈసారి అడిగాను.

"గీ మచ్చనా? రూపాయి బిళ్ల," అంది ఆకు కత్తిరిస్తూనే. "అతుక్కున్నది బిడ్డా. పీకితె తోలు గూడ వచ్చింది. పక్కకెల్లి మా ఓనరు నవ్వు, నవ్వు అంటుండు. ముందట మొగోళ్లు ఒన్స్‌మోర్ అంటున్రు. నేను మంటకు ఎగురుతుంటె అది ఆట అనుకున్నరు."

"మళ్ల చేయలేదు కదా అవ్వా?"

"ఎందుకు చెయ్యలే? మల్ల పగారుకు ఓనరు పోస్టరే కొట్టిచ్చిండు. పెదివికి వెన్న రాసుకొని ఆర్నెల్లు చేసిన."

"మొదటిసారి ఇసిరింది ఎవరో ఎర్కనా?"

"చీకట్ల కూసున్నోళ్లు ఎవ్వలని ఎర్కయితది? నాకు లైటొక్కటే కనవడేది," అంది. కత్తెర పక్కన పెట్టి, "నా పేరు రాస్తవా? పోస్టర్ల మీద ఎన్నడు లేకుండె," అంది.

రాస్తానన్నాను. ఆ చీకట్లో కూర్చున్న మనిషికి పొద్దున నేనే ఉప్మా పెట్టి వచ్చానని చెప్పలేకపోయాను. సిగ్గుతో బస్సెక్కాను.

మరునాడు రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను. "మామా, ఆమె పెదివి ఇప్పటికీ గట్లనే ఉన్నది. మీరు చెప్పింది, ఆమె చెప్పింది పక్కపక్కన పెట్టి రాస్తున్న."

మామ ముద్ద ఆగింది. "గమ్మత్తుకు చేసినం. గప్పుడు అందరు గట్లనే ఉన్నరు," అన్నాడు.

ప్రేమ్‌సాగర్ నా వైపు చూశాడు. "బాపు పేరు తీసెయ్. థీసిస్లల్ల పేర్లు మారుస్తరంట గద. ఆమెది ఏమన్న రాసుకో, పొట్టకోసం ఆడింది, ఆమెకు పోయేదేమున్నది? బాపుకు ఇజ్జత్ ఉన్నది. ఆ పేరున్న పుస్తకం గీ ఇంట్లకు రావద్దు. నువ్వు ఇంట్ల ఉండాల్నో వద్దో గూడ ఆలోచించుకో."

మామ పప్పు కోసం పళ్లెం ముందుకు జరిపాడు. ఏళ్ల తరబడి నేను నింపి, ఎంగిలి తీసి, తోమిన పళ్లెం అది. గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. ఇల్లు పోతుందేమోనని భయం వేసింది, అబద్ధమెందుకు. పేరు తీసేస్తే పోయేదేముంది అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను.

వంటింటి గుమ్మంలో కూర్చుని, అందరూ తిన్నాక తినడానికి ఎదురుచూస్తున్న మా అత్త యాదవ్వ గొంతు వినిపించింది. "గా బిళ్ల కాల్చిన పగారు రోజేనా? 'పట్టుకారు ఇయ్యి, పని ఉన్నది' అని నా పొయ్యి కాడికెల్లి కొంచవోయిండు. పొద్దుగాల తెచ్చి మళ్ల ఆడనే పెట్టిండు. గా పట్టుకారుతోనే మీ అందరికి ఎన్నేండ్లు రొట్టెలు కాల్చి పెట్టిన్నో."

మామ గుమ్మం వైపు తిరిగాడు.

"నువ్వు లోపలికి పో," అన్నాడు మామ.

ఆమె పోలేదు. "నా పేరు రాయి బిడ్డా. పట్టుకారు ఇచ్చింది యాదవ్వ అని రాయి."

గరిటె కింద పెట్టి ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాను. మూడో అధ్యాయం తెరిచి ఆ రెండు పేజీలూ కొట్టేశాను. "ఎవరికిచ్చినవని రాయాలె అత్తమ్మా?" అన్నాను.

ఆసుపత్రిలో, బ్యాంకులో భర్త పేరు అడిగితే మా అత్త నా వైపు తిరిగి, నువ్వు చెప్పు అన్నట్టు చూసేది. మొగుని పేరు నోటితో పలకకూడదని ఆమెకు చిన్నప్పుడే నేర్పారు. పెళ్లయి నలభై ఎనిమిదేళ్లు. ఒక్కసారి కూడా పలకగా నేను వినలేదు.

"లింగమూర్తికి," అంది.