షిఫ్టు దిగే కూత

జగదీశ్వర్ రాత్రి షిఫ్టు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, పడుకోకుండా ఆ బోర్డును మళ్లీ ముందేసుకుని కూర్చున్నాడు. కనురెప్పల అంచుల్లో బొగ్గు అలాగే ఉంది. అరచేతిలో ఇమిడే కంప్యూటర్ అది. తక్కువలో వస్తోందని తెప్పించుకున్నాడే గాని, దానితో ఏం చేయాలో ఇన్నాళ్లూ తేలలేదు. వీడియోలు చూసి, ట్యాంకు నిండితే మోగేలా పెట్టాడు. క్వార్టర్లకు నీళ్లొచ్చేదే కాసేపు, ట్యాంకు ఏనాడూ నిండలేదు. గాలిలో దుమ్మెంతో చూపేలా చేశాడు.

"కిటికీ మీద ఏలు వెట్టి గీస్తె తెల్వదా? దానికి మళ్ల కంప్యూటరా?" అంది భార్య జమున.

ఈసారి పని తండ్రి కోసం. బొగ్గుతట్టలు మోసి మోసి బుచ్చన్న కుడిభుజం కిందికి వాలిపోయింది. ఆయన రిటైరై ఏళ్లయింది. దిగిన బొగ్గుబాయీ మూతపడింది. అవేవీ ఆయనకు గుర్తుండవు. పొద్దున్నే టిఫిన్ గిన్నె సంకన పెట్టుకుని డ్యూటీకి బయలుదేరతాడు. పట్టుకొచ్చి కూర్చోబెడితే మళ్లీ లేస్తాడు. మొన్న డంపర్లు తిరిగే తోవలోకి వెళ్లాడు. డ్రైవరు చూశాడు గనుక బతికాడు. ఆ రోజు నుంచి తలుపుకు తాళం. లోపలి నుంచి బాదుతూ ఒకటే మాట:

"కూత గాలే. కూత గాకుంట షిఫ్టెట్ల అయిపోతదిరా?"

బాయితో పాటే దాని సైరన్ కూతా ఆగిపోయింది. ఆఖరిరోజు అక్కడే పనిచేసే ముత్యం కాక దాన్ని ఫోన్‌లో పట్టి దాచుకున్నాడు. జగదీశ్వర్ అడిగి తెచ్చి బోర్డులోకి ఎక్కించాడు. రోజూ మధ్యాహ్నం, మొదటి షిఫ్టు దిగే వేళకు అది మోగాలి. స్పీకరు తగిలించి, ఎట్లా వినిపిస్తుందో చూద్దామని ఒకసారి నొక్కాడు.

వాడంతా వినిపించింది.

వేళ గాని వేళ కూత వచ్చిందంటే బాయిలో ప్రమాదమనే. పుట్టినప్పటి నుంచి ఎరిగిన సంగతిని నిద్రలేని కళ్లతో మరిచాడు. పక్కింటి సారలమ్మ పిండి చేతులతోనే ఉరికొచ్చింది. ఆమె కొడుకు డ్యూటీలో ఉన్నాడు.

"ఏ బాయి? ఎవలకేమైంది?"

"ఏం గాలే అక్కా. నేనే కొట్టిన, చూద్దామని."

ఆమె గడప మీద కూలబడింది. "నీ కంప్యూటర్ల మన్నువడ! నా పానం పోయింది గదరా."

లోపల బుచ్చన్న తువ్వాల తలకు చుట్టుకుంటున్నాడు. "జల్ది నడువు. కప్పు కూలినట్టుంది. పిలగాండ్లు కిందున్నరు."

జగదీశ్వర్ ఆయన భుజాలు పట్టుకున్నాడు. "అందర్ని తీసిన్రు బాపూ. అందరు మంచిగున్నరు."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

ముసలాయన కొడుకు ముఖంలోకి చాలాసేపు చూసి, మంచం మీద కూర్చున్నాడు. టిఫిన్ గిన్నె మాత్రం ఒళ్లోంచి దించలేదు.

మధ్యాహ్నం వేళకే కూత వచ్చింది. ముందే చెప్పి ఉంచాడు గనుక ఈసారి ఎవరూ ఉరకలేదు. "ఇగో, మా బుచ్చన్న కాక షిఫ్టు దిగిండు," అని గోడవతల సారలమ్మ నవ్వడం వినిపించింది. బుచ్చన్న నిలబడి కూత ఆగేదాకా విన్నాడు. వాలిన భుజం మరికాస్త వాలింది.

"అయిపాయె," అన్నాడు.

కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. గిన్నెలోని అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు. జమున చేయి చాపినా ఇవ్వకుండా గిన్నె తనే తోముకుని, అలమరలో బోర్డు పక్కన బోర్లించాడు. పోయి పడుకున్నాడు. జగదీశ్వర్ తాళం తీసి గూట్లో పెట్టి, నేల మీదే ఒరిగాడు. ఎన్నాళ్లకో ఒళ్లెరగని నిద్ర పట్టింది.

పొద్దు వాలాక జమున చాయ్ తెచ్చింది.

"మామా, చాయ్."

మళ్లీ పిలిచింది. ముట్టి చూసింది. తర్వాత గ్లాసు కింద పెట్టి, మెల్లగా భర్తను లేపింది.

మర్నాడు గోదావరి ఒడ్డు నుంచి వచ్చి అందరూ వాకిట్లో కూర్చున్న వేళ కూత వచ్చింది. సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జమున జగదీశ్వర్ వైపు చూసింది. అతడు లేవలేదు, దాన్ని పూర్తిగా కూయనిచ్చాడు.

అలమరలో టిఫిన్ గిన్నె ఆయన బోర్లించినట్టే ఉంది, దాని చుట్టూ కారిన నీటి చార మాత్రం ఆరిపోయింది.