కుడివైపు పీట

పొద్దున ఎనిమిదింటికి తిమ్మప్ప చాయ్ తాగి, గ్లాసు బోర్లించి, మగ్గం గుంటలోకి కాళ్లు దించుతాడు. గద్వాలలో ఆ వీధివాళ్లకు గడియారంతో పెద్దగా పని లేదు. ఆయన మగ్గం చప్పుడు మొదలైతే పిల్లలను బడికి తరుముతారు, ఒంటిగంటకు ఆగితే అన్నాలకు కూర్చుంటారు. అరవై రెండేళ్లొచ్చి మోకాళ్లు మొరాయిస్తున్నా ఆయన ఆ వేళ తప్పనివ్వడు. ఒక్క అమావాస్య నాడు మాత్రం మగ్గాన్ని ముట్టకూడదని తాతల నాటి నియమం. ఆ రోజు వీధి వీధంతా ఆలస్యంగా లేస్తుంది.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి పట్టించాలి, లేకపోతే అంచు ఊడి చేతికొస్తుంది. ఒక్కడి చేతులతో అయ్యే పని కాదది. అందుకే ఆ మగ్గానికి రెండు పీటలు. ఎడమవైపు కూర్చున్నవాడు నూలు కండె పెట్టిన నాడె విసిరితే, కుడివైపు కూర్చున్న మనిషి దాన్ని పట్టుకుని, అంచు పోగు మెలేసి, తిరిగి విసరాలి.

తిమ్మప్ప కుడివైపు పీట పదమూడేళ్లుగా ఖాళీగా ఉంది. ఆయన నాడె విసురుతాడు, అది అటు పోతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, అంచు పోగు మెలిపడుతుంది, నాడె తిరిగి వస్తుంది. కూతురు కావ్య పెళ్లయి వనపర్తికి వెళ్లిన మరుసటి వారం నుంచీ ఇదే వరస. మొదటి రోజు వీధివాళ్లు వచ్చి చూశారు, చాయ్ తాగి వెళ్లారు. చీరలు తీసుకునే షావుకారు అంచును గోటితో గీకి, గట్టిగానే ఉందన్నాడు. తన కొడుకు ఇంట్లో ఉండి కూడా చెయ్యి కదపడనీ, తిమ్మప్ప కూతురు నయమనీ ఎదురింటి అనంతమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

కంటికి కనబడని ఆ చేయి కావ్యదేనని తిమ్మప్పకు బాగా తెలుసు. అంచులో ప్రతి పువ్వు దగ్గరా పోగును రెండుసార్లు మెలేయడం ఆ పిల్ల అలవాటు. ఒకసారి వారం రోజులు అంచు వదులుగా పడితే, ఫోన్ చేసి జ్వరం ఎట్లుందని అడిగాడు. నిజంగానే జ్వరం.

పదో తరగతిలో కావ్య బడి మొత్తానికీ మొదటిది. వనపర్తి కాలేజీలో ఇంటర్ సీటొచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే, కుడివైపు కూర్చునే తిమ్మప్ప తమ్ముడు పని వెతుక్కుంటూ సూరత్ వెళ్లిపోయాడు. మగ్గం మీద ఒక పెళ్లి చీర సగంలో ఉంది. ఈ ఒక్క చీర అయ్యాక పోదువులే బిడ్డా అన్నాడు తిమ్మప్ప. ఆ చీర వెనుక ఇంకో చీర వచ్చింది. అలా ఆరేళ్లు గడిచాయి. ఆమె ఎన్నడూ ఎదురు చెప్పలేదు. నీకేం కావాలని ఆయనా ఎన్నడూ అడగలేదు.

ఆ అడగని మాట ఆయనను లోలోపల తొలిచేసేది. కూతుర్ని అప్పగించిన రోజు అన్నం ముద్ద దిగలేదు. కానీ ఖాళీ పీట మీంచి నాడె తిరిగి రావడం మొదలయ్యాక మనసు కుదుటపడింది. మన్నించకపోతే చేయి ఎందుకిస్తుంది అనుకున్నాడు. రోజూ మగ్గం దిగే ముందు ఆ పీటను తాకి కళ్లకద్దుకునేవాడు.

శివరాత్రి వెళ్లిన మర్నాడు, అమావాస్య నాడు అల్లుడు జగదీశ్ వచ్చాడు. వనపర్తిలో పల్లీల మిల్లులో పని, మాట తక్కువ మనిషి. అన్నం తిన్నాక సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి మామ ముందు పెట్టాడు. కావ్య రెండేళ్లుగా ఓపెన్ ఇంటర్ రాస్తోందట. ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే కేంద్రంలో టీచర్ ఉద్యోగం ఉందట, ఇంటర్ పాసైతే ఇస్తామన్నారట. జూన్ దాకా ఆమె కోసం ఆపుతామన్నారు, ఆ తరువాత కుదరదు. ఇప్పటిదాకా పాసైంది ఒక్క తెలుగే. ఇంకా నాలుగు పేపర్లున్నాయి, వచ్చే నెలలోనే పరీక్షలు.

రోజూ పొద్దున మూడు గంటలు పరీక్ష రాసినట్టే రాసి చూసుకుంటుందని చెప్పి, జగదీశ్ పేజీలు తిప్పాడు. ముత్యాల్లాంటి రాత. కానీ ప్రతి వరస మీదా కుడి నుంచి ఎడమకు ఒక గీత. రాసిందంతా తానే కొట్టేసినట్టుంది. పరీక్షలోనూ ఇదే జరిగింది, దిద్దేవాళ్లు కొట్టేసిన జవాబులకు మార్కులు ఎలా వేస్తారు?

"ఆమె కొట్టేయలే మామా. చెయ్యి దానంతటదే పోతది. పొద్దుగాల ఎనిమిదింటి సంది ఒంటిగంట దాంక," అన్నాడు జగదీశ్.

తరువాత గీతల్లేని పేజీలు చూపించాడు. నెలకొకటి ఉంది. ప్రతి పేజీ పైనా తేదీ వేసి ఉంది. గోడ మీది క్యాలెండర్‌ను తిమ్మప్ప కిందికి దించి, వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాడు. అన్నీ అమావాస్యలే. తెలుగు పరీక్ష జరిగిన రోజు కూడా అమావాస్యే. ఒక్క తేదీ మాత్రం కలవలేదు. దాన్ని పట్టుకున్నాడు ప్రాణం లేచొచ్చినట్టు.

"ఇది అమావాస్య కాదు గద," అన్నాడు.

మూలన కూర్చుని నూలు చిక్కు తీసుకుంటున్న భార్య భాగ్యమ్మ తల ఎత్తలేదు. "ఆ దినం మనం బీచుపల్లి పోయినం. నీ కండ్ల ఆపరేషన్ మంచిగయిందని మొక్కు తీర్చనీకె."

తిమ్మప్ప క్యాలెండర్‌ను మళ్లీ గోడకు తగిలించాడు. ఇన్నేళ్లూ ఏ ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని అల్లుణ్ని అడిగాడు.

"చెప్పొద్దన్నది మామా. నాయిన ఒక్కడే కూసుంటడు, జర తోడుంట అన్నది. నేనొచ్చింది గూడ ఆమెకు తెల్వదు."

పదమూడేళ్లుగా ఆమె పొద్దుటి పూట గరిటె ఎడమ చేత్తో తిప్పుతోందనీ, కత్తెర పని మధ్యాహ్నానికి వాయిదా వేసుకుంటోందనీ ఆ రోజే తెలిసింది. తిమ్మప్పకు సిగ్గనిపించింది. మన్నింపు అనుకుని తాను రోజూ కళ్లకద్దుకున్నది, నిజానికి రెండోసారి కూడా అడగకుండా తీసుకున్నదే.

మర్నాడు మగ్గం చప్పుడు లేదు. వీధిలో సగం మంది పిల్లలు బడికి ఆలస్యంగా వెళ్లారు. తిమ్మప్ప మొదటి బస్సుకే వనపర్తి చేరాడు. కావ్య కిటికీ దగ్గర నోట్‌బుక్ ముందు కూర్చుని, కదలకుండా ఉన్న తన కుడిచేతిని వింతగా చూసుకుంటోంది. ఇవాళ అమావాస్య కాదే అని ఆమె అనుకుంటుండగానే గుమ్మంలో తండ్రి కనబడ్డాడు. చెప్పకుండానే ఆమెకు అంతా అర్థమైంది.

నీళ్లు తాగి, పక్కన కూర్చుని, ఆయన దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అన్నాడు.

"ఆనాడు అడగలే బిడ్డా. ఇయాళ అడుగుతున్న. నీకేం గావాలె?"

ముప్పై ఐదేళ్ల వయసులో ఆ ప్రశ్న వినడం కావ్యకు కొత్త.

"నాకు పాస్ గావాలె నాయినా," అంది. నోట్‌బుక్ మూసి మళ్లీ అంది. "మగ్గం మీద కూసోవడం నాకిష్టమే. అడగకుంట కూసోవెట్టినవని శానా ఏండ్లు కోపముండె. ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు."

"అట్లయితే నీ చెయ్యి నువ్వు దీస్కో. పదమూడేండ్లు ఇచ్చినవు. సాలు బిడ్డా, ఇగ రాకు."

ఆమె సరేనన్నట్టు తలూపింది. ఆయన ఆ కుడిచేతిని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఇన్నాళ్లూ పీటకు మొక్కాడు, మొక్కవలసిన చేయి ఇదిగో ఇక్కడుంది. ఇంత చేసినా ఈ పిల్లకు తన మీద ప్రేమ మిగిలి ఉందన్న కృతజ్ఞతతో ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పరీక్షలయ్యేదాకా తిమ్మప్ప మగ్గం ఎక్కలేదు. శ్రీరంగాపూర్ గుడిలో పెళ్లి ఉందనీ, పెళ్లివాళ్లకు తిమ్మప్ప నేసిన చీరే కావాలనీ షావుకారు నాలుగుసార్లు తిరిగి చూసి, కోప్పడి, ఆ పని ఇంకొకరికి ఇచ్చుకున్నాడు. తిమ్మప్ప భాగ్యమ్మ పక్కన కూర్చుని, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టాడు. అది ఎంత నడుము నొప్పి పనో ఆయనకు అప్పుడు తెలిసింది.

చివరి పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. నాలుగు పేపర్లలోనూ ఒక్క గీత పడలేదని కావ్య చెప్పింది. జూన్‌లో పాసైంది, ఉద్యోగంలో చేరింది. ఆ కబురు విన్న మర్నాడు తిమ్మప్ప మగ్గం దుమ్ము దులిపి, కుడివైపు ఎవరిని కూర్చోబెట్టాలా అని వీధివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోసాగాడు.

"పదమూడేండ్ల సంది కండెలు చుట్టుకుంట సూస్తనే ఉన్న," అంది భాగ్యమ్మ. "నన్ను ఒక్కపారన్న అడిగినవా?"

తిమ్మప్ప చేతిలోని దుమ్ముగుడ్డ పక్కన పెట్టాడు. అప్పుడు అడిగాడు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని వచ్చి కూర్చుంది. మొదటి మూర అంచు వంకర టింకరగా వచ్చింది. ఈ చీర ఎవరూ కొనరని ఆయనంటే, కొనకపోతే తానే కట్టుకుంటానంది. ఇద్దరూ చాలా రోజుల తరువాత నవ్వుకున్నారు.

మూడో రోజు పదకొండింటికి పొయ్యి మీద అన్నం పొంగిందని భాగ్యమ్మ లేచి వెళ్లింది. తిమ్మప్ప చేయి అలవాటు కొద్దీ నాడె విసిరింది. అది పడుగు దాటి, ఖాళీ పీట మీదుగా పోయి, కింద పడి, దొర్లుకుంటూ గోడ దగ్గర ఆగింది. ఆయన అటే చూశాడు. తిరిగి రాలేదు. ఆ వేళకు వనపర్తిలో కావ్య నల్లబల్ల మీద రవికె కొలతలు రాస్తూ ఉంటుంది. కుడిచేత్తోనే.

తిమ్మప్ప గుంటలోంచి కాళ్లు పైకి తీసి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా నడిచి వెళ్లి, నాడెను తానే తెచ్చుకున్నాడు.