తిట్టిన చోట తుమ్మి

కల్లూరు కొత్త కాలనీలో పొద్దున్నే అందరూ మోటార్లు వేసి ట్యాంకులు నింపుకుంటారు. ముసలి హంపమ్మ మాత్రం టీ తాగి, మూతి తుడుచుకుని, చివరి ఖాళీ స్థలం దగ్గరికి పోయి నేలను తిడుతుంది.

"థూ, పనికిమాలినదానా! రాళ్లు మొయ్యను తప్ప దేనికి కొరగావే నువ్వు?"

ఆ తిట్టు పడిన చోట తుమ్మి మొలుస్తుంది. ఇంకాస్త గట్టిగా తిడితే తంగేడు. ఆమె పుట్టిన ఊళ్లో పసిబిడ్డనైనా పైరునైనా ఎవరూ మెచ్చుకోరు, దిష్టి తగులుతుందని తిట్టే పెంచుతారు. అందుకని కాలనీలో దీన్నెవరూ వింతగా చూడలేదు.

ఆ పూలకొచ్చే తేనెటీగల మీదే పక్కన ఖాజా మొహిద్దీన్ కౌలుకు చేసే గుమ్మడితోట బతుకుతోంది. పోయినసారి వానల్లేక కాపు పోయింది. ఇదీ పోతే నేల వదిలేసి బెంగుళూరుకు సిమెంటు పనికి పోవడమే.

ఇక కాలనీ ప్రెసిడెంటు వీరభద్ర. ఆయన గురించి ఎక్కువ చెప్పడం దండగ. ఇంటి ముందు ప్లాస్టిక్ గడ్డి పరిపించి, దానికి రోజూ పైపుతో నీళ్లు కొట్టే మేధావి. హంపమ్మ బంధువులెవరో పోతే చావుకని ఊరికి పోయిన రోజు చూసి, "పిచ్చిమొక్కలు, పాములొస్తాయి" అని ఆ స్థలమంతా కలుపుమందు కొట్టించాడు. ఆ ఘనకార్యాన్ని ఫొటో తీసి గ్రూపులో పెడితే సగం కాలనీ చప్పట్ల బొమ్మలు పెట్టింది. వాళ్లూ ఆ బాపతే. తేనెటీగలు పోయాయి.

తిరిగొచ్చిన హంపమ్మ గొంతు పోయేదాకా తిట్టింది. మందు తాగిన నేల ఒక్క మొలకైనా ఇవ్వలేదు.

"పిందెలు పసుపెక్కి రాలిపోతాండాయవ్వా," అన్నాడు ఖాజా. ఏడుపొక్కటే తక్కువ.

అంతలో వీరభద్ర వచ్చి, "ఇప్పుడు చూడవ్వా, ఎంత నీటుగా ఉండాదో!" అన్నాడు.

మనుషుల మీద తిట్లు వృథా చేయడం హంపమ్మకు ఇష్టం ఉండదు. ఆ రోజు ఇక పట్టలేకపోయింది.

"నువ్వూ ఒక మనిషివేనా అప్పా? ఈగ కూడా వాలని బతుకు నీది!"

వీరభద్ర కాలర్లోంచి తుమ్మి లేచింది. భుజాల మీద తంగేడు విచ్చింది. ఇంటికి పోతే భార్య రమణి గడప దగ్గరే ఆపేసింది. "ఈగలు ఇంట్లోకొస్తాయి. పోయి తోటలో నిలబడు."

ఖాజా ఆయన చెయ్యి పట్టుకుని పోయి గుమ్మడి తీగల మధ్య నిలబెట్టాడు. తేనెటీగలు తిరిగొచ్చి ముందు ఆయన మెడ మీద వాలాయి, తర్వాత గుమ్మడి పూల మీద వాలాయి. పిందెలు నిలిచాయి. పుట్టి బుద్ధెరిగాక వీరభద్ర వల్ల ఒకరికి ఉపయోగం కలగడం అదే మొదలు. పొద్దున్నే ఖాజా ఆయన కోసం ఎదురుచూసేవాడు, అతని భార్య చాంద్ బేగం టీ పంపేది. అంతకు ముందు ఆయన రాక కోసం ఎవరూ ఎదురుచూసిన పాపాన పోలేదు.

కాయలు కోసేనాటికి హంపమ్మ కోపం చల్లారింది. ఇక ఆ పూలు పీకేసుకుని ఇంటికి పోవచ్చని కబురు కూడా పంపింది. మర్నాడు తలుపు తీసేసరికి వీరభద్ర అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మళ్లా ఏం కావాలప్పా?"

ఆయన తలెత్తలేదు.

"భుజాల మీద ఎండిపోతాండాయవ్వా. ఇంకో నాలుగు తిట్టు."