పెళ్లిరోజు లేవనన్న సర్వర్

పెళ్లికూతురు నేలమీద చతికిలబడి, కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఎక్కడైనా చూశారా? నేను చూశాను. మా చెల్లెలే.

పెళ్లిళ్లు నమోదు చేసే ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత దానిది. ఇవాళ దాని పెళ్లి కూడా అక్కడే. ఊరికే ఉండలేని ప్రాణం కదా, సెలవు మీద వెళ్లేలోగా, ఆఫీసు రికార్డులన్నీ దాచే పెద్ద కంప్యూటర్, అదే సర్వర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేద్దామని నిన్న సాయంత్రం మొదలుపెట్టింది. పొద్దున చూస్తే సర్వర్ లేవలేదు. అది లేవకపోతే ఎవరి పెళ్లీ నమోదు కాదు. పెళ్లికొడుకు, అంటే నాకు కాబోయే మరిది, ఓడలో ఇంజిన్ మెకానిక్. రేపు ఓడెక్కితే మళ్లీ ఆరు నెలలకి గానీ రాడు. వరండాలో ఇంకో రెండు జంటలు మమ్మల్ని కొరకొరా చూస్తున్నాయి. రిజిస్ట్రారుగారు తలుపులోంచి తొంగిచూసి, అయిదింటికి ఆఫీసు మూసేస్తామని గుర్తుచేసి పోతున్నారు.

కొత్త చీర కొంగు నడుముకి బిగించి అది వైర్ల మధ్య దూరుతుంటే నాకు నవ్వాగలేదు. అది మాత్రం కళ్లెర్రజేసింది. సర్వర్ ఏదో డిస్కు కోసం వెతికి వెతికి, దొరకలేదని ఆగిపోతోందట. తెరమీద ఆ డిస్కుకి పేరు లేదు, చాంతాడంత నంబరుంది. లోపలున్న వాటిలోనే ఒకటి చచ్చిపోయిందని దాని భయం. పాత సిస్టమ్‌తో లేపి చూస్తే అదీ అక్కడే ఆగింది. కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెట్టింది. చివరికి తల పట్టుకుంది.

నేనేమో పొద్దున్నించీ దాని హ్యాండ్‌బ్యాగు చంకలో ఇరికించుకుని నిలబడ్డాను. ప్రాణం పోయినా వదలొద్దని అప్పగించింది మరి. నగలున్నాయేమోనని బాత్రూముకి కూడా మోసుకెళ్లాను.

మధ్యాహ్నం మరిది లోపలికొచ్చి, దాని మొహం తుడవడానికి రుమాలు అడిగాడు. బ్యాగులో చెయ్యి పెడితే నల్లటి డబ్బా ఒకటి అడ్డం తగిలింది.

"ఏంటే ఇది, ఇటుకలా ఉంది?" అన్నాను.

చెల్లెలు ఒక్క ఉదుటున లేచి దాన్ని లాక్కుంది. అది బ్యాకప్ డిస్కు. ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉంటుంది. అప్‌గ్రేడ్ తేడా కొడితే పాత సమాచారమైనా మిగలాలని, నిన్న అంతా అందులోకి కాపీ చేసి, పదిలంగా ఉంటుందని పీకి బ్యాగులో వేసుకుంది. సర్వర్ ఇంతసేపూ వెతికింది దాన్నే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే, కాకపోతే చంక నాది.

తగిలించగానే సర్వర్ లేచింది. వరండాలో చప్పట్లు మోగాయి. మొదట రాసింది మావాళ్ల పెళ్లే. సాక్షిగా నేను సంతకం పెట్టాను, నవ్వాపుకోలేక అది వంకరపోయింది.

సంతకాలు కాగానే చెల్లెలు మళ్లీ సర్వర్ దగ్గరికి పరిగెత్తింది. ఇకమీద ఆ డిస్కు కనిపించకపోయినా ఆగకుండా లేవమని, దానికి ఒక మాట రాసి వచ్చిందట.

"ఆ మాటేదో నీక్కూడా రాసుకో. రేపట్నుంచి నేనుండను కదా" అన్నాడు మరిది.

చెల్లెలు ఇంకా నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయాయి.

"నేను రాసుకోను" అంది.