నిన్నటి రంగునీళ్ళు

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. "నిన్నటి రంగునీళ్ళ లెక్క నా దగ్గరుంది, అదే వాడుకో" అన్నాను.

అన్నది పిచ్చుకతో. మా ల్యాబులో చేరి ఏడాదైంది. మనిషి పిడికెడు, నడకంతా పరుగే. ఆ పేరు పెట్టింది నేనే, నన్ను నోరారా అక్కా అనేది. ల్యాబుల కొలతలు పోల్చి చూసే ఒక పరీక్షలో మాతో సహా ముప్పై ల్యాబులకు ఒకే డీఎన్ఏ ముక్కలు పంపి, వాటిని బ్యాక్టీరియాలో పెట్టి, ఎంత పచ్చగా వెలుగుతాయో కొలవమన్నారు. ముక్కలు ఒకటే కాబట్టి ఎవరు కొలిచినా అంకెలు దగ్గరదగ్గరగా రావాలి. మా తరఫున కొలిచే పని పిచ్చుకది. సరిగ్గా చేస్తే ఆమె ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగిస్తానని మా ల్యాబు పెద్దాయన మాటిచ్చారు.

కొలిచే మిషన్‌లో గెయిన్ అని ఒకటి ఉంటుంది. దాన్ని పెంచితే మసక వెలుగు కూడా పెద్ద అంకెగా కనిపిస్తుంది. అందుకే రోజూ ముందుగా, గాఢత తెలిసిన రంగునీళ్ళు కొలిచి, వాటితో పోల్చి లెక్క వేయాలి. సోమవారం పొద్దున నేను రంగునీళ్ళు కొలిచాను. సాయంత్రం నా నమూనాలు మరీ మసకగా ఉన్నాయని గెయిన్ పెంచాను. మళ్ళీ తగ్గించడం మర్చిపోయాను. మంగళవారం పిచ్చుక రంగునీళ్ళు కలుపుతుంటే, ఆమె తొందరగా లేస్తే మిషన్ నాకు దొరుకుతుందని ఆ మాట అన్నాను. పెద్దదాన్ని కదా, విన్నది.

ఆమె అంకెలు మిగతా ల్యాబుల కన్నా నాలుగింతలు వచ్చాయి. పెద్దాయన గదిలోకి పిలిచి, ఇవి కొలిచినవా, కూర్చుని వండినవా అని అడిగారట.

గురువారం మిషన్ ముందు కూర్చోగానే నాకు గెయిన్ కనపడింది. చెప్పేద్దామని లేచాను. ముందు టీ తాగుదామనుకున్నాను. తాగాక, రేపు చెప్పొచ్చులే అనుకున్నాను. గెయిన్ మాత్రం చప్పుడు కాకుండా తగ్గించేశాను. తేలు కుట్టిన దొంగలా నాలుగు రోజులు తిరిగాను. పైగా, ఇలాంటివి అందరికీ జరుగుతాయిలే అని పిచ్చుకను ఓదార్చాను కూడా. తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

సోమవారం పెద్దాయన అందరినీ కూర్చోబెట్టి, మన అంకెలు వెనక్కి తీసుకుంటున్నామన్నారు. పిచ్చుక ఉద్యోగం ఈ నెలాఖరుతో సరి అన్నారు. పిచ్చుక తల దించుకుంది.

"తప్పు నాదేనండి. రంగునీళ్ళు కొలవలేదు."

ఎందుకు కొలవలేదో చెప్పలేదు. అప్పుడు లేచాను. గెయిన్ పెంచింది నేనని, కొలవక్కర్లేదన్నది నేనని, గురువారమే తెలిసి దాచింది కూడా నేనేనని చెప్పాను. పెద్దాయన పిచ్చుకను ఇవాళే మళ్ళీ కొలవమన్నారు, ఆమె ఉద్యోగానికి ఢోకా లేదన్నారు. నా సంగతి తర్వాత మాట్లాడతానన్నారు.

వరండాలో ఆమె వెనక పరుగెత్తి, తప్పైపోయిందన్నాను. పిచ్చుక కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టింది. ప్రతి కొలతతో పాటు మిషన్ తనంతట తాను రాసుకునే వివరాలు అవి. మంగళవారం గెయిన్ కింద ఎర్ర పెన్నుతో గీత ఉంది. పక్కన ఆమె చేతిరాతతో బుధవారం తేదీ.

నాకన్నా ముందే తెలుసు. కాగితం జేబులో పెట్టుకునే ఆ మీటింగులో తల దించుకుంది. ఎందుకు చూపించలేదని అడిగాను.

"మీరే చెప్తారనుకున్నాను మేడమ్" అంది.

రంగునీళ్ళు కలుపుకోవాలని లోపలికి వెళ్ళిపోయింది.